పంది కోసమే పెట్టినం సారూ!

మళ్లీ అదే పాట. కరెంటు తీగకు దుప్పి పడినా, పులి పడినా, మనిషే పడినా పట్టుబడ్డవాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే: "పంది కోసం పెట్టినం సారూ." ఆదిలాబాద్ నుంచి మహదేవ్‌పూర్ దాకా అడవి పందికి ఉన్న పలుకుబడి ఏ ఎమ్మెల్యేకీ లేదు. దాని పేరు చెబితే చాలు, నేరం కాస్తా పొరపాటు అయిపోతుంది. ఈ పాటకు ఇప్పుడు కొత్త చరణం చేరింది. ఎండలు ముదరకముందే అడవంతా తిరిగి, చెట్లకు కెమెరాలు కట్టి, కనుజు (సాంబార్ జింక) కొమ్ములు ఎన్ని మూరలో చెప్పే వీడియోలు మీ ఫోనుకూ వచ్చే ఉంటాయి. సీజనుకు ముందు రెక్కీ అట! అమెరికా కొండల్లో ఎల్క్ వేటకు లైసెన్సు ఉంది, తేదీలున్నాయి, ఎన్ని కొట్టాలో లెక్క ఉంది. అక్కడివాడు ముందుగా కొండెక్కి జాడలు చూసుకుంటే అర్థముంది. ఇక్కడ 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో వేట లైసెన్సుల కథే ముగిసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

పోనీ, ఆ రెక్కీలో ఏం చూస్తారో చూద్దాం. వాగులు ఎండి చెలిమెలు మిగిలే రోజులవి. తడి ఇసుకలో గిట్ట గుర్తు అంచు పదునుగా ఉంటే రాత్రిది, అంచు రాలి పొడిబారితే పాతది. కనుజు పొర్లిన బురదగుంట ఎక్కడుంది, ఏ మొద్దుకు మెడ రుద్దుకుంది, ఇప్పచెట్టు కింద రాలిన పూలు తెల్లారకముందే ఎవరు మేసిపోయారు, అటవీ శాఖ సాసర్ పిట్లలో ట్యాంకరు నీళ్లు ఎప్పుడు పోస్తుంది, గాలి ఎటు వీస్తుంది, ఇదంతా ఆరా తీస్తారు. ఎంత శ్రద్ధ! ఇందులో పావు వంతు శ్రద్ధ చదువు మీద పెడితే ఒక్కొక్కరికీ జంతుశాస్త్రంలో డాక్టరేటు వచ్చేది. కానీ ఒక చిన్న సందేహం. పంట కాపాడుకునేవాడికి ఈ విద్యంతా ఎందుకు? పందిని వెతుక్కుంటూ ఎవరూ పోనక్కర్లేదు, మక్కచేను చిరునామా దానికి కంఠతా వచ్చు. చేను ఊరి పక్కన ఉంటే తీగ చెలిమె పక్కన ఎందుకుంది? పత్తి ఏరడం అయిపోయి చేలు బీడుపడ్డాక, నడి వేసవిలో, అడవి నడిబొడ్డున ఏ పంట పండుతోందో వ్యవసాయ శాఖ వాళ్లయినా చెప్పాలి.

అన్నిటికన్నా వింత ఆ తీగ తెలివి. మోకాలెత్తు గుంజలు పాతి, జీఐ తీగ లాగి, 11 కేవీ లైనుకు కొక్కెం తగిలిస్తారు. చీకట్లో వచ్చింది పందా, కనుజా, పులా, మనిషా అన్నది అదే పోల్చుకుని, పందికి మాత్రమే షాకు కొడుతుందని మనం నమ్మాలి. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూరుపల్లి అడవిలో కూంబింగుకు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్‌ను ఇలాంటి తీగే చంపింది. 2025 మేలో పెంచికల్‌పేట మండలంలో ఆడపులి కరెంటుకే బలైంది. చెన్నూరు అడవిలో కే4 అనే ఆడపులి నడుముకు బిగుసుకున్న ఉచ్చుతోనే తిరిగింది; కెమెరా ట్రాప్ ఫొటోల్లో ఆ తీగ చర్మంలోకి దిగి కనిపించేది. ఇక వెటకారం చాలు. ఇది పొరపాటు కాదు. జాడ తీసి, చోటు ఎంచి, వేళ చూసి పెట్టిన తీగ అది. దారిన పోయే మనిషి చచ్చినా పరవాలేదనుకున్నవాడే దాన్ని పెడతాడు.

రైతు గోస నిజం కాదా అంటారు. నిజమే. ఒక్క రాత్రిలో పందుల గుంపు మక్కచేను నేలమట్టం చేస్తుంది, పరిహారం కోసం కాళ్లరిగేలా తిరగాలి. అందుకే పంటను నాశనం చేసే జంతువును అనుమతితో చంపించే వెసులుబాటు చట్టంలోనే ఉంది. షాకు కొట్టి తరిమేదే తప్ప ప్రాణం తీయని సోలార్ కంచె ఉంది. ఇవి అందరికీ అందడం లేదంటే అందించమని ప్రభుత్వాన్ని నిలదీద్దాం. దొంగ కరెంటుకు రైతు పేరు పెట్టడం మాత్రం రైతుకే అవమానం. ఆదివాసీలు తరతరాలుగా వేటాడలేదా అనేది రెండో వాదన. ఆడారు, విల్లంబులతో, తమ కట్టుబాట్లతో. గోండు, కొలాం గూడేల ఆచారంలో 11 వేల వోల్టులు ఎక్కడున్నాయి? 2017లో మహదేవ్‌పూర్ అడవిలో తుపాకులతో దుప్పులను కొట్టిన కేసు ఏ ఆచారం కిందికి వస్తుంది?

చట్టం ప్రకారం చంపడమే కాదు, చంపబోవడం, ఉచ్చు పెట్టబోవడం కూడా వేటే. కాబట్టి విచారణ తీగ దగ్గర మొదలై తీగ దగ్గరే ఆగకూడదు. వేసవికి ముందే కెమెరా కట్టినవాడు ఎవడు, జాడ తీసినందుకు కూలి ఇచ్చినవాడు ఎవడు, దావతుకు అడవి మాంసం కావాలని పట్నం నుంచి కబురు పెట్టిన పెద్దమనిషి ఎవరు? తీగ లాగిన కూలివాణ్ని నిలబెట్టి ఫొటో దిగే ముందు అతని ఫోనులో ఆ వారం వచ్చిన కాల్స్ చూడండి. ఆ కాల్ చేసింది కూడా పందేనని అప్పుడు చెప్పమనండి.