ఇంట గెలవాలా? రచ్చ గెలవాలా?

పర్సు పోయిందని స్టేషన్‌కు వెళ్లాను. "ఫ్లైఓవర్ ఎక్కకముందు పోయిందా, దిగాకా? దిగాకైతే మా పరిధి కాదు" అన్నారు. ఈ విద్య మన సొత్తేననుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. అమెరికాలో దీనికి చట్టాలు, సుప్రీంకోర్టు తీర్పులు, గంటల లెక్కన ఫీజులు కూడా ఉన్నాయని తెలిసి తలదించుకున్నాను.

అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. మీరు రాష్ట్ర కోర్టులో దావా వేస్తే, అవతలివాడు 30 రోజుల్లోగా దాన్ని ఫెడరల్ కోర్టుకు ఎత్తుకుపోవచ్చు. అది రిమూవల్. తిరిగి వెనక్కి పంపిస్తే రిమాండ్. మన రిమాండ్‌లో మనిషి లోపలికి పోతాడు, వాళ్ల రిమాండ్‌లో ఫైలు వెనక్కి పోతుంది.

ఊరి రచ్చబండ ఊరివాడి వైపే మొగ్గుతుందన్న భయంతో, పొరుగు రాష్ట్రంవాడి కోసం 1789లోనే ఫెడరల్ తలుపు తెరిచారు. ఇప్పుడా తలుపు తియ్యాలంటే తగాదా విలువ 75,000 డాలర్లు దాటాలి. అందుకే రాష్ట్ర కోర్టు వదలడం ఇష్టంలేని వకీలు "నా క్లయింటు నడుం విరిగింది, బతుకు బుగ్గయింది, 74,999 డాలర్లు ఇప్పిస్తే చాలు" అంటాడు. అచ్చం బాటా చెప్పుల ధర!

సొంత రాష్ట్రంలోనే దావా పడ్డ కంపెనీకి ఆ భయమెందుకు? ఆ వంకతో తలుపు తట్టొద్దంది చట్టం. కానీ 'సమన్లు అందినవాడు' అని ఓ చిన్న మాట చేర్చింది. వకీళ్లకు అది చాలు. కంప్యూటర్ ముందు కాపలా కూర్చుని, దావా నంబరు పడగానే, సమన్లు తెచ్చేవాడు మెట్లెక్కేలోగా కేసు దాటించేస్తారు.

ఏ కోర్టన్నది తేలినా, ఏ ఊరన్న పేచీ ఉండనే ఉంది. పేటెంటు కేసుల తిరునాళ్ల జరిగే టెక్సాస్ ఊరు మార్షల్‌లో కోర్టు ఎదుటే శాంసంగ్ ఐస్ స్కేటింగ్ రింకు పెట్టించింది. జ్యూరీలో కూర్చునేది ఊరివాళ్లే మరి! దుకాణం ఉన్నచోట పేటెంటు దావా వెయ్యొచ్చు. 2019లో యాపిల్, మనవాళ్లు దండిగా ఉండే ప్లేనో, ఫ్రిస్కోల్లో దుకాణాలు మూసి, ఆ కోర్టు హద్దు దాటి డల్లాస్‌లో తెరిచింది. కారణం కంపెనీ చెప్పలేదు, వకీళ్లెవరూ అడగనూ లేదు.

అన్నిటికీ మకుటం కుక్క తిండి కేసు. మందే లేని తిండికి డాక్టరు చీటీ ఎందుకని 2019లో మిసోరీ రాష్ట్ర కోర్టులో ఒకావిడ రాయల్ కానిన్ కంపెనీ మీద దావా వేసింది. దావాలో ఫెడరల్ చట్టం ఊసుందని కంపెనీ ఫెడరల్ కోర్టుకు లాగింది. ఆవిడ దావాలోంచి ఆ ఊసు మొత్తం కొట్టేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: కేసు రాష్ట్ర కోర్టులోనే నడవాలి. బస్తాలో మందుందా లేదా అన్నది అప్పటికీ ఎవరూ తేల్చలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఏది ఇల్లో, ఏది రచ్చో తేలడానికే దాదాపు ఆరేళ్లు పడుతుందని వాళ్లకేం తెలుసు!

నా పర్సు సంగతంటారా? ఈసారి ఫ్లైఓవర్ నడిమధ్యలో పోయిందని చెప్పి చూస్తాను.