చురక: మిగిలినవాడే మొనగాడు

2022 మార్చిలో గోవాలో పెనాల్టీలపై ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24లో అదే లీగ్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచి అట్టడుగుకు చేరగా, వింగర్‌ను, అంటే మైదానపు అంచున పరుగెత్తవలసినవాణ్ణి, నడిమికెందుకు నెట్టారని అభిమానులు శిక్షకుడిపై విరుచుకుపడ్డారు. బకాయిలు తీర్చేదాకా కొత్తవారిని చేర్చుకోరాదన్న ఫిఫా ఆంక్షను బదిలీ నిషేధమంటారు. అది పడి, జీతాలందని విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానమెక్కాక, ఎవరిని ఎక్కడ నిలపాలన్నది వ్యూహం కాక హాజరుపట్టీ వ్యవహారమైంది. కూలి ముట్టనిదే కోతకు ఎవరూ చెట్టెక్కరని ఆగిరిపల్లి మామిడితోటల్లో పసివాడికైనా తెలుసు, ఈ విశ్లేషక అభిమానులకే తట్టలేదు. అసలైన స్థానమార్పిడి 2025లో జరిగింది: జట్టు మొత్తం ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.