కాగా, మునిగిన ఓడ తేలింది

మన పత్రికల్లో 'కాగా' చేసినంత చాకిరీ ఇంకే మాటా చేయదు. మంత్రిగారు వంతెనకు శంకుస్థాపన చేశారు. కాగా, పోయినసారి వేసిన శిలాఫలకం పక్కనే తుప్పల్లో ఉంది. ఒక వార్తనీ, దాని పరువు తీసే రెండో వార్తనీ కలిపి కుట్టే సూది అది. జపాను నౌకాదళంలో ఒక విమాన వాహక నౌక పేరు కూడా కాగాయే. అక్కడి పాత సంస్థానం ఒకదాని పేరు పెట్టుకున్నారు, మన వ్యాకరణంతో వాళ్లకు పనిలేదు. అయినా ఆ ఓడ జాతకం చదివితే, దాని బారసాలకు తెలుగు సబ్ ఎడిటర్ ఎవరైనా వెళ్లాడేమోనని అనుమానం రాక మానదు.

1942 మే మొదటి వారం. హిరోషిమా దగ్గర లంగరేసిన యమాతో యుద్ధనౌకలో పటాలు పరిచి, నౌకాదళ మహామహులు యుద్ధం ఆడుతున్నారు. వచ్చే నెలలో మిడ్వే దీవి మీద దాడి. ముందు బల్ల మీద ఆడి చూసుకుందామని. పద్ధతికి వంక పెట్టలేం. కొందరు శత్రువు పక్షాన ఆడతారు, బాంబులు ఎన్ని తగిలాయో పాచిక వేసి తేలుస్తారు, అంపైరు లెక్క చెబుతాడు. ఒక ఎత్తులో మిడ్వే నుంచి లేచిన అమెరికా విమానాలు జపాను వాహక నౌకల మీద విరుచుకుపడ్డాయి. పాచిక వేశారు. తొమ్మిది దెబ్బలు. అకాగి మునిగింది. కాగా మునిగింది.

ఆటకు పెద్దగా కూచున్న రియర్ అడ్మిరల్ ఉగాకి మతోమె, తొమ్మిది చెల్లదన్నాడు. మూడు చాలన్నాడు. మూడే అయితే అకాగికి చిన్న దెబ్బ, కాగా మాత్రం మునిగినట్టు. పోనీ ఒక్కటైనా మునిగింది కదా అని లెక్కల మనిషి ఊపిరి పీల్చుకునేలోపే తర్వాతి అంకం మొదలైంది. ఫిజీ, న్యూ కెలడోనియాల మీదికి దండయాత్ర. అందులో కాగా మళ్లీ హాజరు! తడిబట్టలు కూడా మార్చుకోలేదు.

శకుని గుర్తొస్తే రానివ్వండి, కానీ ఆయన్ని ఇందులోకి లాగడం అన్యాయం. శకుని పడబోయే పందేన్ని మార్చాడు. అది విద్య. పడ్డాక మార్చడానికి విద్య అక్కర్లేదు, హోదా ఉంటే చాలు. పైగా ఆయన ముంచింది ఎదుటివాళ్ల కొంప.

ఈ పెద్దమనుషులు తెలివితక్కువ వాళ్లయితే ఇంత రాయాల్సిన పనే లేదు. వాహక నౌకల యుద్ధమంటే ఏమిటో ప్రపంచానికి చూపించిందే వాళ్లు. వాహక నౌకగానే కట్టి కొలువులోకి దించిన తొలి ఓడ వాళ్లదే, 1922 నాటి హోషో. ఓనమాలు దిద్దించింది బ్రిటిష్ వాళ్లు. 1921లో సెంపిల్ దొర బృందం వెళ్లి, నౌకాదళ వైమానికులకు చెయ్యి పట్టుకుని నేర్పి వచ్చింది. శిష్యుడు గురుదక్షిణ మరిచిపోలేదు. వాహక నౌకగానే నమూనా గీసి కట్టడం మొదలుపెట్టిన తొలి ఓడ బ్రిటిష్ వాళ్ల హెర్మీస్. 1942 ఏప్రిల్ 9న, సింహళం తూర్పు తీరంలో, దాని మీద ఒక్క విమానం కూడా లేని సమయంలో జపాను విమానాలు దాన్ని అడుక్కి పంపాయి.

కాగా పుట్టుక కథ వేరు. దాన్ని యుద్ధనౌకగా మొదలుపెట్టారు. ఇంతలో 1922 వాషింగ్టన్ ఒప్పందం వచ్చిపడింది. అమెరికాకూ బ్రిటన్‌కూ ఐదేసి పాళ్లు, జపానుకు మూడు. పంక్తిలో కూచోబెట్టి సగం విస్తరి వడ్డించినట్టయిందని జపాను వాళ్ల మంట. అది మరీ అన్యాయమైన మంటేమీ కాదు. ఆ లెక్కలో కాగా పాత ఇనుముకు పోవాలి. వాహక నౌకగా మార్చడానికి ఎంచుకున్నది అమాగి అనే ఇంకో ఓడని. 1923 భూకంపంలో అమాగి నడుము విరిగింది. దాని వంతు కాగాకు దక్కింది. చావు తప్పించుకోవడం ఈ ఓడకు పురిట్లోనే అబ్బింది.

1941 డిసెంబరులో ఆరు వాహక నౌకలు, దాదాపు 350 విమానాలు, పెర్ల్ హార్బర్. చైనాలో నాలుగేళ్లుగా ఊబిలో కూరుకుని, ఆ ఊబిలోంచి బయటపడటానికి పసిఫిక్ మహాసముద్రంలో దూకడం అనే ఉపాయం. నూనెలో సింహభాగం అమ్మేవాడు అమెరికా వాడే. వాడు అమ్మనన్నాడు, వీళ్లు వెళ్లి కొట్టారు. లోతులేని రేవులో టార్పెడోలు బురదలో దిగబడకుండా వాటికి చెక్క రెక్కలు బిగించడం దాకా అన్నీ ఆలోచించారు. ఆ ఉదయం 2,403 మంది అమెరికన్లు చచ్చిపోయారు. అమెరికా వాహక నౌకలు ఊళ్లో లేవు. నూనె ట్యాంకులు, మరమ్మతు షెడ్లు ఉన్నచోటే ఉన్నాయి. మూడు రోజులకు మలయా తీరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు బ్రిటిష్ మహానౌకలను కేవలం విమానాలతో ముంచారు. సముద్రం మీద పెద్ద ఫిరంగుల కాలం చెల్లిందని లోకానికి ఇంత స్పష్టంగా దండోరా వేసినవాళ్లు ఇంకొకరు లేరు.

ఆరు రోజులు గడిచాయి. డిసెంబరు 16న వాళ్లు ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిరంగుల యుద్ధనౌకను కొలువులోకి తీసుకున్నారు. అదే యమాతో. 46 సెంటీమీటర్ల ఫిరంగులు తొమ్మిది. గుండు బరువు టన్నున్నరకు దగ్గర, వెళ్లే దూరం 42 కిలోమీటర్లు. వాహక నౌక మీంచి లేచిన విమానం అంతకు ఎన్నో రెట్ల దూరం పోయి బాంబేసి తిరిగొస్తుందని వాళ్లే నిరూపించి పది రోజులు కాలేదు. మోటారుకారు కనిపెట్టినవాడు దాన్ని లాగడానికి ఏనుగును కొన్నట్టుంది యవ్వారం. విమానాలే యుద్ధమని వాదించిన నౌకాదళాధిపతి యమమోతో గారు కూడా ఆ ఏనుగు అంబారీ మీదికే ఎక్కారు. తీరిగ్గా లంగరేసి ఉండే ఆ ఓడను నావికులే 'యమాతో హోటల్' అనేవారు.

ఇక ఈ దండయాత్రలకు పెట్టిన పేరు చూడండి: మహా తూర్పు ఆసియా సహ సౌభాగ్య మండలం. పెళ్లి శుభలేఖ మీద వేయదగ్గ పేరు. ఆసియా ఆసియా వాళ్లదేనన్నారు. తెల్లదొరల పాలనలో చివికిపోయినవాడికి ఆ మాట చెవిలో తేనె పోసినట్టే ఉంటుంది. సింగపూరులో దొరల చేతులు పైకి లేచాయని విని మన ఊళ్లలో లోలోపల నవ్వుకున్నవాళ్లు లేరంటే నేను నమ్మను. నాంజింగ్ వీధుల్లో 1937లో జపాను సైన్యం చేసిన మారణకాండ తెలియక నవ్వారు. వియత్నాంలో 1944-45 కరువుకు లక్షల మంది బలయ్యారు, బియ్యం మాత్రం సైన్యం గాదెల్లోకి పోయింది. సయాం-బర్మా రైలుమార్గం కట్టడానికి మలయా రబ్బరు తోటల నుంచి లాక్కెళ్లిన కూలీల్లో తమిళులతోపాటు తెలుగు వాళ్లూ ఉన్నారు. ఆ అడవిలో చచ్చిన తెల్ల ఖైదీలకు సమాధులున్నాయి, పేర్లున్నాయి. కూలీలకు రెండూ లేవు. అండమాన్‌లో 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మంది భారతీయులను గూఢచారులని నిలబెట్టి కాల్చేశారు. అంతకు నెల ముందే అదే దీవిలో నేతాజీ చేత స్వతంత్ర పతాకం ఎగరేయించారు.

మన గడపకూ ఆ సౌభాగ్యం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే చిన్న వాహక నౌక విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. ఆసియా విముక్తి విశాఖ రేవు దాకా వచ్చి, నాలుగు బాంబులు పడేసి, పనుందని వెళ్లిపోయింది. తర్వాతి సంగతి దొరల ప్రతాపం. ఆంధ్ర విశ్వవిద్యాలయం మూటాముల్లే సర్దుకుని గుంటూరు పోయింది. మద్రాసులో జపాను నౌకలు వచ్చేస్తున్నాయన్న కబురుకే సర్కారు ఊరు ఖాళీ చేయించింది, జంతుశాలలోని సింహాలనూ పులులనూ కాల్చి చంపించింది. నౌకలు రాలేదు. ఆ యుద్ధంలో మద్రాసు రక్షణకు పేలిన తుపాకులు సింహం మీద పేలినంత గురిగా ఇంకెవరి మీదా పేలలేదు. విశాఖలో పడి పేలకుండా మిగిలిన జపాను బాంబు ఒకటి బీచి రోడ్డు మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు.

మళ్లీ మిడ్వే. ఈసారి బల్ల కాదు, సముద్రం. జూన్ 4 ఉదయం. వాహక నౌకల దళపతి నగుమో విమానాలకు ఓడల కోసం టార్పెడోలు తగిలించి ఉన్నాయి. దీవి మీద ఇంకో దెబ్బ వేయాలన్నారు, టార్పెడోలు దించి బాంబులు ఎక్కించమన్నారు. సగం ఎక్కించాక శత్రు నౌకలు కనిపించాయని కబురు. బాంబులు దించి టార్పెడోలు ఎక్కించమన్నారు. కింది అంతస్తులో కూలిపని లాంటి పని. చెమటలు కక్కుతున్న కుర్రాళ్లు బండ్లు నెట్టి, మరలు విప్పి, దించిన బాంబులను గిడ్డంగికి పంపే తీరిక లేక గోడవారగా వదిలేశారు. పక్కనే పెట్రోలు నింపుకున్న విమానాలు. పదిన్నర కావస్తుండగా ఆకాశంలోంచి అమెరికా డైవ్ బాంబర్లు నిట్టనిలువునా దిగాయి. ఐదారు నిమిషాల్లో కాగా, అకాగి, సొర్యు మూడూ కొలిమిలయ్యాయి. సాయంత్రానికి హిర్యు. కాగాలో 800 మందికి పైగా పోయారు.

అకాగికి సూటిగా తగిలిన బాంబు ఎన్నో తెలుసా? ఒకటి. బల్ల మీద ఉగాకి గారు దయతో మూడుకు తగ్గించారు. అమెరికా వాడు ఇంకా తగ్గించి ఒకదానితోనే సరిపెట్టాడు.

ఆరు రోజుల తర్వాత సైనిక ప్రధాన కార్యాలయం ప్రకటన: మన వాహక నౌక ఒకటి పోయింది, ఒకటి దెబ్బతింది, శత్రువువి రెండు మునిగాయి. నిజానికి పోయినవి నాలుగు, ముంచింది ఒకటి. గాయపడ్డ నావికులను ఎవరి కంటా పడకుండా ఆసుపత్రుల్లో దాచారు. పెర్ల్ హార్బర్ మీద విమానాలను నడిపించిన ఫుచిదా కూడా అలా దాచిన రోగుల్లో ఒకడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఆగస్టు దాకా నౌకల జాబితాలో కాగా పేరు పదిలంగా ఉంది. నీళ్లలో మునిగినా కాగితం మీద తేలడం దానికి కొత్త కాదు కదా. 'ప్రధాన కార్యాలయ ప్రకటన' అనే మాటకు జపాను భాషలో ఈనాటికీ సర్కారు వారి అబద్ధం అనే అర్థం.

పాచిక నోరు నొక్కాక మాటల వంతు వచ్చింది. గ్వాడల్‌కనాల్ దీవి నుంచి 1943లో వెనక్కి పారిపోయారు. దాన్ని 'దిశ మార్చి ముందడుగు' అన్నారు. ఆట్టు దీవిలో దళం దాదాపు మొత్తం చచ్చిపోయింది, 'పగిలిన రత్నం' అన్నారు. రత్నాల అమ్మలకు ఆ మాట ఏ మాత్రం ఊరటనిచ్చిందో ఎవరూ అడగలేదు. 1944 ఫిబ్రవరిలో మైనిచి పత్రికలో ఒక విలేకరి, వెదురు బల్లేలతో ఈ యుద్ధం కాదు, కావలసింది నౌకాదళ విమానాలు అని రాశాడు. ప్రధాని తోజోకు ఒళ్లు మండింది. సైనిక సేవ నుంచి ఎప్పుడో మినహాయింపు పొంది నలభైకి దగ్గరపడిన ఆ విలేకరిని పట్టుకుని సిపాయిగా చేర్చారు. ఆ వయసువాణ్ణి ఒక్కణ్ణే ఎలా చేరుస్తారని నౌకాదళం ఆక్షేపించింది. సైన్యం వెంటనే తప్పు దిద్దుకుంది: ఆ ఈడువాళ్లనే ఇంకో 250 మందిని చేర్చింది. విలేకరి బయటపడ్డాడు. లెక్క సరిపెట్టడానికి చేర్చినవాళ్లు ఇవోజిమాలో చచ్చిపోయారు.

సైన్యానికీ నౌకాదళానికీ మధ్య సవతి పోరు ఎంతటిదంటే, సైన్యం సొంతంగా జలాంతర్గాములు కట్టుకుంది. నౌకాదళమేమో ఇసె, హ్యుగా అనే రెండు పాత యుద్ధనౌకల వెనక భాగం చెక్కేసి విమానాల డెక్కు అతికించింది. ముందు ఫిరంగులు, వెనక డెక్కు. లేచిన విమానం తిరిగి దాని మీద దిగలేదు. ఆ చిక్కు కూడా రాలేదు లెండి, 1944 అక్టోబరులో అవి యుద్ధానికి వెళ్లేనాటికి ఎక్కించడానికి విమానాలే లేవు. యమాతో తమ్ముణ్ణి షినానో పేరుతో అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్ద వాహక నౌకగా మార్చారు. నవంబరు 19న కొలువు, 29న ఒక్క జలాంతర్గామి దెబ్బకు నీటిపాలు. యమాతో 1945 ఏప్రిల్ 7న, ఒక్క శత్రు నౌక కూడా కంటపడకుండానే, విమానాల కింద మునిగింది. అందులో మూడు వేల మంది.

ఉగాకి గారి కబురు చెప్పలేదు కదూ. 1945 ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు వినిపించారు. ఓడిపోయామన్న మాట ఆయన నోటా రాలేదు, పరిస్థితి అంతగా అనుకూలించలేదన్నారు. అదంతా విన్నాకే ఉగాకి పదకొండు విమానాలతో ఆత్మాహుతి దాడికి లేచాడు, కుర్రాళ్లను వెంటబెట్టుకుని. ఆ సాయంత్రం ఏ అమెరికా నౌకకూ దెబ్బ తగల్లేదు. పాచిక వేయకముందే ముగిసిన ఆటలో కూడా ఆయన ఇంకో ఎత్తు వేసి పోయాడు. వెంట వెళ్లిన కుర్రాళ్ల తల్లిదండ్రులకు అప్పటికి యుద్ధం అయిపోయింది.

2019 అక్టోబరులో మిడ్వే సముద్రంలో ఐదు వేల మీటర్లకు పైగా లోతున అసలు కాగాను వెతికి పట్టుకున్నారు. కాగా, 2017లోనే జపాను కొత్త కాగాను కొలువులోకి తీసుకుంది. 248 మీటర్ల పొడవు, ముందు నుంచి వెనకదాకా బల్లపరుపు డెక్కు. ఎఫ్-35 విమానాలు దిగేలా దాన్ని సవరించారు. 2024లో కాలిఫోర్నియా తీరంలో అమెరికా వాళ్ల విమానాలే దాని మీద దిగి, లేచి, పరీక్షలు చేశాయి. యుద్ధం వద్దని రాసుకున్న రాజ్యాంగం ఉన్న దేశం కాబట్టి దాన్ని వాహక నౌక అనకూడదు. ప్రభుత్వ దస్తావేజుల్లో అది డిస్ట్రాయర్.