ఆవుకు ఒకటి, డబ్బాకు ఆరు

దాదాపు మూడడుగుల పుంగనూరు ఆవుకు ఒక్క పలుపు చాలు; అదే ఊళ్లో 5.1 హోమ్ థియేటర్‌ను కట్టేయాలంటే స్పీకర్లకే ఆరు వైర్లు, ఆపైన హెచ్‌డీఎంఐ, కరెంటు. వైర్‌లెస్ కొంటే పీడ పోతుంది కదా అంటారు. పోదు. పాట గాల్లో వస్తుంది గానీ కరెంటు రాదు. వెనక స్పీకర్‌కూ ప్లగ్గు కావాల్సిందే. వైర్లను కేసింగ్ పట్టీలో దాచేస్తే అందమే, కాదనం. కరెంటు వైరు పక్కనే సబ్‌వూఫర్ వైరునూ కుక్కితే మాత్రం సంగీత దర్శకుడు ఎరగని గుయ్‌మనే మోత ఉచితం. అయినా గోడమీద ఇంత సింగారం చేశాక గుమ్మం బయట చూడండి: ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాలకే వేలాడుతున్నాయి! సర్దేవాళ్లకు ఒకటే మనవి: ఏ వైరు దేనిదో ముందు చీటీ అంటించండి, లేకుంటే సబ్‌వూఫర్ అనుకుని ఫ్రిజ్ పీకేస్తారు.