కొండను తాకకుండానే గీతలా?

మా రోజుల్లో కొండ ఎక్కకుండా భూగర్భ మ్యాపు గీస్తే, తనిఖీకి వచ్చిన పెద్దాయన ఆ షీటు మీద సంతకం పెట్టేవాడు కాదు. ఇప్పుడు గండికోట లోయంతా తెరమీద గిరగిరా తిరుగుతోంది. డ్రోన్ ఫొటోలు మెటాషేప్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే త్రీడీ మోడల్ తయారు. దాన్ని లైమ్‌లోనో క్లౌడ్‌కంపేర్‌లోనో తెరిచి మౌస్‌తో పొరకో రంగు గీత, పగులుకో గీత, పక్కనో చీటీ. మధ్యాహ్నానికల్లా పనైపోయిందంటారు.

ఏం అయిపోయింది? పెన్న నది కోసిన ఆ గోడల్లో ఉన్నది గండికోట క్వార్ట్‌జైట్. పొరలు దాదాపు చదునుగా ఉంటాయి, వాలు కొద్ది డిగ్రీలే. నేలమీద కొలిచిన కంట్రోల్ పాయింట్లు లేకుండా డ్రోన్ జీపీఎస్‌నే నమ్ముకుంటే మోడలే కాస్త ఒరిగిపోవచ్చు. నిటారు పొరలకు ఆ ఒరుగుడు లెక్కలోకి రాదు. ఇక్కడ మాత్రం తూర్పుకు వాలిన పొర పడమటికి వాలినట్టు తేలొచ్చు. మేం బ్రంటన్ దిక్సూచి పట్టుకుని బుడగ మధ్యకొచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లం. చదును పొరైతే ఒక్క కొలతను నమ్మక నాలుగుచోట్ల తీసేవాళ్లం.

క్రాస్ బెడ్డింగ్ సంగతి ఇంకా ఘోరం. ఒకే ఇసుక పొరలో పాత ప్రవాహం వేసిన ఏటవాలు గీతలవి. ఏటవాలు ఎండలో తెరమీద అవే కొట్టొచ్చినట్టు కనబడతాయి, అసలు పొరల సందు నీడలో పడుతుంది. కుర్రాడు వాటినే పొరలనుకుని మూడు చుక్కలు పెడతాడు. సాఫ్ట్‌వేర్ క్షణంలో స్ట్రైకూ డిప్పూ, అంటే పొర సాగే దిశా దాని వాలూ, చెప్పేస్తుంది. అది ఏ తలమో దానికేం తెలుసు? రాయి సంగతీ అంతే. ఎర్రటి పైపూతను ఫొటో దాటలేదు. రాలిన ముక్కనైనా సుత్తితో పగలగొట్టి లెన్సు కింద చూడాలి. పగులు ఇసుక రేణువుల చుట్టూ తిరిగితే ఇసుకరాయి, రేణువులను చీల్చుకుపోతే క్వార్ట్‌జైట్.

ఈ కడప, కర్నూలు శిలల మీదే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) మెమోయర్ వెలువరించాడు. ఆయన చేతిలో డ్రోన్ కాదు కదా, ఏరియల్ ఫొటో కూడా లేదు. పాపఘ్ని, నల్లమల అన్న ఆయన గ్రూపుల పేర్లే ఇప్పటికీ వాడుతున్నాం.

నిలువు గోడ నడుమ పొరలకు మోడల్ మేలే, ఒప్పుకుంటాను. వాటిని మేం అవతలి గట్టునుంచి బైనాక్యులర్లతో చూసి అంచనాగా గీసేవాళ్లం. కానీ కాలు మోపగల చోట కూడా కుర్చీ దిగరేం? ప్రతి గీత పక్కన చీటీలో ఎక్కడ నిలబడి చూశారో, ఏ రాయి పగలగొట్టారో రాయమంటాను. చీటీ ఖాళీగా ఉంటే ఆ నిండు గీతను చుక్కల గీతగా మార్చాలి. కంటితో చూడని హద్దును మా మ్యాపుల్లో అలాగే చూపేవాళ్లం.