బావగారి మాడ్రిడ్ పంచాంగం

మాడ్రిడ్‌లో రేనా సోఫియా మ్యూజియానికి మంగళవారం సెలవు. ఈ సంగతి తెలియకుండానే మనలో చాలామందిమి ఉద్యోగాలు చేసి, ఇళ్ళు కట్టి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేశాం. మా బావగారికి మాత్రం ఇలాంటివి తెలియకపోతే నిద్రపట్టదు. ఆయనది ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జనవరిలో ఒకనాడు ఇడ్లీ తింటూ అక్క, "వేసవికి అమ్మ వస్తోంది కదా, మాడ్రిడ్‌ ఓ మూడు రోజులు చూసొద్దామండీ" అంది. అంతే. కుడిచేతి చట్నీ కడుక్కోకుండానే ఎడంచేత్తో ల్యాప్‌టాప్ తెరిచారాయన. ప్రయాణం జూన్‌లో.

ఈ జాతి మనుషులు మీకు కొత్తేం కాదు. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలే పూట, పది కొట్టకముందే మూడు ఫోన్లు ముందేసుకుని కూర్చునేది వీళ్ళే. మగపెళ్ళివారికి బస్సు మాట్లాడితే, ఎవరిని ముందు సీట్లో కూర్చోబెడితే వాంతులు చేసుకోరో రాసి పెట్టుకునేదీ వీళ్ళే. దేశం దాటినా గుణం మారదు. కాకపోతే ఎక్సెల్ షీటు తోడవుతుంది.

ఆ షీటు నాకూ పంపారు. అది అచ్చం పంచాంగమే. మంగళవారం రేనా సోఫియాకి వర్జ్యం. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు ప్రాడో మ్యూజియానికి అమృత ఘడియలు, అంటే ప్రవేశం ఉచితం. ఆదివారమైతే అవి 5 నుంచి 7కి జరుగుతాయి. రాస్త్రో సంత కావాలంటే ఆదివారం పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి ముందు భోజనం దొరకడం కష్టం, నాలుగు దాటితే చాలా హోటళ్ళలో పొయ్యి ఆరిపోతుంది, మళ్ళీ వెలిగేది రాత్రి ఎనిమిదింటికే. ఇవన్నీ ఎర్రరంగులో రాహుకాలాల్లా దిగాయి. అమ్మ బీపీ మాత్రకి విడిగా ఒక పసుపు గడి.

అభిప్రాయాలు అడగరని మాత్రం అనలేం. వాట్సాప్ గ్రూపు పెట్టి మరీ అడుగుతారు. ఒక పూట పక్క ఊరికి వెళ్దాం, తొలేదోనా, సెగోవియానా, ఓటు వేయండి అన్నారు. రోమన్ల కాలపు రాతి కాలువ ఫోటో చూసి అందరం సెగోవియాకే వేశాం. ఫలితం: తొలేదో. ఎందుకంటే రెండు ఊళ్ళకీ రైల్లో అరగంటే అయినా, సెగోవియాలో ఫాస్టు రైలు ఆగే స్టేషన్ ఊరికి చాలా దూరం, అక్కణ్ణుంచి మళ్ళీ బస్సెక్కాలి. "అది ముందే తెలిస్తే ఓటింగ్ ఎందుకు బావగారూ?" అన్నాను. "మీ అందరికీ తెలియాలి కదా, తెలియలేదని ఇప్పుడు తెలిసింది" అన్నారు.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రావడానికే ఇంకో షీటు తయారైంది. మెట్రోలో వస్తే మామూలు టికెట్టు మీద విమానాశ్రయం సప్లిమెంటని మనిషికి 3 యూరోలు. ఎక్స్‌ప్రెస్ బస్సుకి 5. టాక్సీకి ఒకే రేటు, మీటరుతో పనిలేదు. ఎర్రరంగు మల్టీ కార్డు ఒకటి కొని, అందులో పది ప్రయాణాలు వేయించుకుంటే నలుగురూ వరసగా అదే కార్డు గేటుకి తాకించుకుని లోపలికి పోవచ్చని ఆయన కనిపెట్టిన రోజు, ఆఫీసులో ప్రమోషన్ వచ్చినంత వెలుగు చూశాను ఆ మొహంలో. లెక్కలన్నీ తేలాక మెట్రోయే ఖాయమైంది. అమ్మ వీడియో కాల్లో అంతా ఓపిగ్గా విని, "నా మోకాళ్ళకేమైనా సప్లిమెంటుందా బాబూ?" అంది. మర్నాటికి ఆ గడిలో టాక్సీ వచ్చింది. కారణం రాయలేదు.

ఆయన ప్రతిభకి పరాకాష్ఠ మాత్రం బుధవారం సాయంత్రం. ప్రాడో ఉచితం 6 నుంచి 8, రేనా సోఫియా ఉచితం 7 నుంచి 9. రెండింటి మధ్యా పావుగంట నడక. మామూలు మనిషి ఇది చదివి రెండు రోజులకి రెండు అనుకుంటాడు. బావగారు ఒకే సాయంత్రం రెండూ అన్నారు. ఐదుంబావుకి క్యూలో నిలబడటం, ఆరింటికి లోపలికి, వెలాజ్‌క్వెజ్ 1656లో గీసిన ‘లాస్ మెనినాస్’ ముందు 8 నిమిషాలు, బాష్ స్వర్గ నరకాల బొమ్మ ముందు 6, ఏడుంబావుకి బయటికి. గోయా ముసలితనంలో తన ఇంటి గోడల మీద నల్లరంగులు పులిమి వేసుకున్న బొమ్మల గదికి ఒక గమనిక కూడా ఉంది: ‘కొడుకుని తినే తండ్రి బొమ్మ ఉంది, అత్తయ్యగారిని పక్క గదిలో కూర్చోబెట్టాలి.’

"పోనీ టికెట్లు కొనేద్దామండీ. ఉరుకులెందుకు?" అంది అక్క.

"కొనచ్చు. కొంటే ఇక ప్లానెందుకు?"

"లోపల ఫోటోలైనా తీసుకోనిస్తారా?"

"ప్రాడోలో తీయనివ్వరు."

"మరి వెళ్ళామని ఎవరికి తెలుస్తుంది?"

దానికి షీటులో జవాబు లేదు.

తిండి దగ్గర ఆయన నిజంగానే కష్టపడ్డారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. స్పెయిన్‌లో బంగాళాదుంప అట్టులో గుడ్డుంటుంది, పాలకూర వేపుడులో పంది మాంసం ముక్కలు తగలొచ్చు, కూరగాయల శాండ్‌విచ్ అని ధైర్యం చేసి తెరిస్తే లోపల ట్యూనా చేప పలకరిస్తుంది. బావగారు స్పానిష్‌లో ఒక్క వాక్యం నేర్చుకున్నారు: మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, పంది మాంసం వద్దు. మాంసంలో పంది కూడా వస్తుంది కదా అంటే, అక్కడ దాన్ని విడిగా చెప్పకపోతే కుదరదట. అత్యవసరానికి లావాపీయెస్ పేటలో ఇండియన్ హోటళ్ళున్నాయని గుర్తు పెట్టుకున్నారు. అంతకన్నా అత్యవసరానికి సూట్‌కేసులో పులిహోర పొడి. చివరికి అమ్మ నిశ్చింతగా తిన్నది 1894 నుంచీ నడుస్తున్న సాన్ హినెస్ కొట్లో చుర్రోలు, పక్కన చిక్కటి చాక్లెట్. అదీ మూడు పూటలా.

దెబోద్ గుడి గురించి కూడా చెప్పాలి. అస్వాన్ డ్యామ్ కింద మునగాల్సిన ప్రాచీన కట్టడాలని కాపాడటంలో సాయపడినందుకు ఈజిప్టు 1968లో స్పెయిన్‌కి కానుకగా ఇచ్చిన నిజమైన గుడి అది. రాయి రాయి విప్పి తెచ్చి మాడ్రిడ్ గుట్ట మీద మళ్ళీ కట్టారు. సూర్యాస్తమయం అక్కణ్ణుంచే చూడాలంటారు. జూన్‌లో అక్కడ పొద్దుగూకేది రాత్రి పావుతక్కువ పదికి. గుడి అన్నమాట చెవినబడగానే అమ్మ పట్టుచీర పెట్టె అడుగు నుంచి పైకి తీసింది. "దేవుడెవరు బాబూ?" అంటే బావగారు గడి చూసి, "ఆమన్, ఐసిస్ అత్తయ్యగారూ" అన్నారు. "ప్రదక్షిణ చేయొచ్చా?" ఆ వివరం ఆయన సేకరించలేదు. ఆరు నెలల ప్రణాళికలో ఆయన తెల్లమొహం వేసింది అదొక్కసారే.

ఇక ప్రయాణం సంగతంటారా, జరిగింది. ప్లాను వేసేటప్పుడు ఆయన కవి, అమలు చేసేటప్పుడు ఇన్విజిలేటర్. రేనా సోఫియాలో ఉన్న ‘గెర్నికా’ బొమ్మ దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పు, అంతా నలుపూ తెలుపూ బూడిదరంగూ. 1937లో గెర్నికా అనే ఊరి మీద బాంబులు పడ్డాక పికాసో గీశాడు. ఎడమ చివర చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో వేసుకుని ఆకాశంకేసి అరిచే తల్లి ఉంటుంది. అమ్మ వెళ్ళి ఆ చివరే నిలబడిపోయింది. షీటులో 12 నిమిషాలు. అవి అయిపోయాయి. అక్క నావైపు చూసింది, నేను బావగారివైపు చూశాను. ఆయన బొమ్మకి వీపుపెట్టి, వాచీ చూసుకుని, "ఉండనీండి. ఇక్కడ 20 నిమిషాలు ఎక్కువే వేశాను" అన్నారు. తర్వాత చూశాను, ఆ గడి పేరు ‘అత్తయ్యగారు’.

తిరిగొచ్చాక ఎవరో ఆయన్ని ‘లాస్ మెనినాస్’ ఎలా ఉందని అడిగారు. "అక్కడికి వచ్చేసరికి మనం 7 నిమిషాలు ముందున్నాం" అన్నారు.

నవ్వుకోండి, తప్పులేదు. కానీ వెళ్ళాక చూసుకుందాంలే అనేవాళ్ళు మంగళవారం నాడు రేనా సోఫియా తలుపుల ముందు నిలబడి ఫోటో దిగి వస్తారు. మేం గెర్నికా చూసి వచ్చాం. అందుకని మీ ఇంట్లోనూ ఇలాంటి బావగారుంటే, షీటులో దిద్దే హక్కు అడక్కండి, చూసే హక్కు చాలు. చెప్పిన టైముకి హోటల్ గుమ్మంలో ఉండండి. మెత్తటి బూట్లు వేసుకోండి. ఖాళీ సీసా ఒకటి వెంట ఉంచుకోండి, నీళ్ళు కొననక్కర్లేదు. మాడ్రిడ్‌లో కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. అది కూడా షీటులో ఉంది.