విశ్రాంతికి టైమ్ లేదు!

విశ్రాంతి కోసం ఒక్కరోజు అరకు ప్యాకేజీ. విశాఖలో అలారం మాత్రం తెల్లవారుజామున 4 గంటలకే!

చుక్కచుక్క నీటితో లక్షల ఏళ్లుగా తయారైన బొర్రా గుహలకు 20 నిమిషాలిచ్చారు. అందులో 12 నిమిషాలు సెల్ఫీలకే సరి.

పద్మాపురం తోటలో నడక లేదు, పరుగే. గిరిజన మ్యూజియం బస్సు కిటికీలోంచి. చాపరాయి నీళ్లలో కాలు పెట్టేలోగా గైడు ఈల. బొంగు చికెన్... పార్సిల్.

దిగేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో టైరు పంక్చరైంది. గంటన్నర ఆగారు. కాఫీ తోట పక్కన కూర్చున్నారు, చల్లగాలి పీల్చారు. ఒకాయనైతే ఏకంగా గుర్రు పెట్టాడు.

గైడు చేతులు జోడించి క్షమించమన్నాడు.

‘వచ్చే ట్రిప్పులోనూ పంక్చర్ ఉంటుందా బాబూ? ఎక్స్‌ట్రా ఎంత?’ వెనక సీటు మామ్మగారి వాకబు.